గంతసేపు ఏడిస్తె గింతేనా?

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. నేను చేసిన మంచి పనుల్లో సగం కోపంతో చేసినవే, చెడ్డ పనుల్లోనూ సగం అంతే. విదేశీ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది కూడా కోపంలోనే.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. హన్మకొండలో సోషల్ వర్క్ పీజీ పూర్తిచేసి, జనగామలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో రెండు గదులు, అదే మా ఆఫీసు. నర్మెట్ట మండలంలో ఊరూరా తిరిగి, కాన్పు సమయంలో చనిపోయిన ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, అసలేం జరిగిందో ఇంటివాళ్ళ నోటివెంట విని రాసుకురావడం నా పని. ఒకసారి హైదరాబాదులో మీటింగుకు వెళితే, ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, మీ జిల్లాల పిల్లలకు పల్లెలు తెలుసు గానీ నలుగురిలో మాట్లాడటం రాదమ్మా అని నవ్వాడు. నేను లేచి జవాబు చెప్పాను. నేను చెప్పిందేమిటో ఎవరూ వినలేదు, చెప్పిన యాసకు మాత్రం వెనక వరుస వాళ్ళు కూడా నవ్వారు. సినిమాల్లో తాగుబోతు నోట పెట్టే మాటలు ఎదురుగా ఒక ఆడపిల్ల నోట విన్నారు మరి.

ఒళ్ళు మండి బయటికొస్తే గోడమీద ప్రకటన కనిపించింది. మానవ హక్కులు, అభివృద్ధి రంగాల్లో పనిచేసే యువ పట్టభద్రులకు విదేశంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఖర్చులన్నీ వాళ్ళవే. ఫారం అక్కడే అడిగి తీసుకున్నాను.

మా ఆఫీసు నుంచి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. రెండో మనిషిది చెల్పూరు, అందుకే అందరం చెల్పూరు అన్న అనేవాళ్ళం. నాకంటే రెండేళ్ళు పెద్ద. భూపాలపల్లి అవతల అడవి పల్లెల్లో పిల్లల చదువు సంగతి చూసేవాడు. ఇంగ్లీషు మంచినీళ్ళలా మాట్లాడేవాడు. ఇద్దరం చివరిదాకా మిగిలాం, సీటు మాత్రం ఒక్కటే అని కబురొచ్చింది. అయినా ఆ అన్న రోజూ సాయంత్రం డాబా మీద నాకు ఇంగ్లీషు నేర్పడం మానలేదు. అది ఆయన గొప్పతనం. నేనైతే మానేసేదాన్ని.

"మన యాస మన ఇజ్జత్ చెల్లె. సిగ్గువడకు" అనేవాడు.

"నీకొక్క యాసనే అన్నా. నాకు ఇంట్లొకటి, బయటొకటి. ఏ ఇజ్జత్ అని కాపాడుకోవాలె?" అనేదాన్ని.

మాది మరిపెడ దగ్గర లంబాడీ తండా. బడికి పోయేదాకా నాకు తెలుగే రాదు. తెలుగు నేర్చుకున్నాక అది సరైన తెలుగు కాదన్నారు. అమ్మను మేము యాడి అంటాం. ఇప్పుడు యాడి గురించే చెప్పాలి.

మా ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. దగ్గరివాళ్ళు చాలా రోజులకు కలిస్తే, బాగున్నావా అని అడగరు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, కింద కూర్చుని, రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులో అన్నీ ఉంటాయి. కిందటిసారి కలిసిన నాటి నుంచి ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఎద్దు చచ్చింది, ఏ మాట మనసులో గుచ్చుకుంది, అంతా రాగంలోనే చెబుతారు. రెండో ఆమె కూడా రాగంతోనే జవాబు చెప్పాలి. అయిపోయాక ముఖం తుడుచుకుని, నీళ్ళు తాగి, ఏమీ జరగనట్టు నవ్వుకుంటూ ముచ్చట్లలో పడతారు. మాకిది వింత కాదు. చూసేవాళ్ళకే వింత.

పీజీ మొదటి ఏడాదిలో యాడి నన్ను చూడటానికి హాస్టలుకు వచ్చింది. అద్దాల రవిక, మోచేతుల పైదాకా తెల్ల గాజులు. గేటు దగ్గరే నా మెడ పట్టుకుని మొదలుపెట్టింది. పైనుంచి అమ్మాయిలు పరుగున దిగొచ్చారు.

"ఎవలు పోయిండ్రు? ఎవలు పోయిండ్రు?" అని ఒకటే అడగడం.

నాకు తల కొట్టేసినట్టయింది. యాడి చేతులు విడిపించుకుని మా భాషలో గట్టిగా అన్నాను: "ఇంకోసారి నన్ను పట్టుకొని ఏడిస్తె నీతోని మాట్లాడ. ఇక్కడ గాదు, ఇంట్ల గూడ." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే బిడ్డా" అన్నది. అంతే. ఆ రోజు నుంచి నేను ఎప్పుడు ఇంటికి వెళ్ళినా ఒకటే మాట. "వచ్చినవా? నీళ్ళు తాగు."

మరుసటి ఏడు వానాకాలంలో మా అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చి చనిపోయింది. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. యాడి తండాలోని ఆడవాళ్ళందరి మెడలు పట్టుకుని ఏడ్చింది. నన్ను చూడగానే నోట్లో కొంగు కుక్కుకుంది. నీళ్ళు తాగు అన్నది. అక్క ఎట్లా పోయిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మూడు రోజులుండి పరీక్షలున్నాయని వచ్చేశాను. ఆ తర్వాత ఊళ్ళు తిరిగి ఎంతమంది తల్లుల దగ్గర కూర్చుని, వాళ్ళ బిడ్డలు ఎట్లా పోయారో రాసుకున్నానో. నా ఫైలు చూసి మా సార్లు మెచ్చుకునేవాళ్ళు. మా అక్క ఆ ఫైల్లో లేదు.

సకల జనుల సమ్మె నడుస్తుండగా, ఇంటర్న్‌షిప్ వాళ్ళ తరఫున ఒక మేడం మా ఇద్దరి పని చూడటానికి వచ్చింది. యాభై దాటిన తెల్లామె. నెరిసిన పొట్టి జుట్టు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు, చేతిలో నోటుబుక్కు. బస్సుల్లేవు, బడులు బంద్, బొగ్గు గనులు కూడా ఆగిపోయి కరెంటు వచ్చిందే గొప్ప. మా సంస్థ ఒక జీపు మాట్లాడింది. మొదటి రోజు అన్న ఆమెను భూపాలపల్లి వైపు తీసుకెళ్ళాడు. పటాలు, ఫొటోలు, పిల్లల లెక్కలు, అన్నీ వరసగా చూపించాడట. తిరిగొచ్చి నాకు ఒక సలహా చెప్పాడు.

"ఇంటోళ్ళను ముందట పెట్టకు చెల్లె. పని చూపియ్యి. పర్సనల్ అయితె మార్కులు పోతయ్."

నేనూ అదే అనుకున్నాను. నర్మెట్ట చూపిస్తే చాలనుకున్నాను. కానీ మేడం నా ఫారం తిప్పి, పుట్టిన ఊరు అన్న చోట వేలు పెట్టి, ఇక్కడికి పోదాం అన్నది. దూరమన్నాను, సమ్మె అన్నాను, దారి బాగుండదన్నాను. జీపు ఉంది కదా అన్నది. గత్యంతరం లేక పక్కింటివాళ్ళ ఫోనుకు చేసి యాడిని పిలిపించాను. "ఒక మేడం వస్తున్నది. నచ్చితే నన్ను ఆరు నెలలు వాళ్ళ దేశం తీసుకుపోతది. ఇల్లు ఊడ్చి పెట్టు" అని చెప్పాను.

పాలకుర్తి దాటి తొర్రూరు చేరేసరికి రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో వండుకుని అక్కడే తింటూ రాస్తారోకో చేస్తున్నారు. బండిని పోనివ్వం అన్నారు. నేను దిగాను.

"జర పోనియ్యుండ్రి అన్నా. తండాకు పోయేది ఉన్నది."

ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏ తండా బిడ్డా? గా తెల్లామె ఎవలు?"

"మాది మరిపెడ దిక్కు తాతా. గామె నన్ను పరీక్ష చేసెటందుకు వచ్చింది. పాసయితె బయటి దేశం పోత."

ఆయన వెనక్కి తిరిగి అందరికీ వినిపించేలా అరిచాడు. "ఏయ్, మన పిల్ల బయటి దేశం పోతదంట! ముందుగాల గీళ్ళకు పెట్టుండ్రి!"

తినకుండా కదలనివ్వలేదు. మేడం తారు రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని, విస్తరాకులో అన్నం, పప్పుచారు, వంకాయ కూర చేత్తో కలుపుకుని తిన్నది. నా యాస విని ఎవరూ నవ్వలేదు. మన పిల్ల అన్నారు. ఆ మాటకు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. ఇంక ఆ సీటు నాదే అనుకున్నాను.

తండాకు చేరేసరికి యాడి పందిరి కింద నిలబడి ఉంది. ట్రంకుపెట్టెలోని పండుగ బట్టలు తీసి కట్టుకుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కూతుర్ని నచ్చితే తీసుకుపోవడానికి ఒకామె వస్తున్నదంటే మా తండాలో అర్థం ఒకటే. ఆమె వియ్యపురాలు. అంటే దగ్గరి చుట్టం. చుట్టానికి ఎట్లా మర్యాద చేయాలో యాడికి ఎవరూ నేర్పక్కరలేదు. మేడం జీపు దిగిందో లేదో, యాడి వెళ్ళి మెడ చుట్టూ చేతులు వేసి, ఆమెను కింద కూర్చోబెట్టి, రాగం ఎత్తుకుంది.

డ్రైవరు సీట్లోంచి దూకాడు. "ఏమైందక్కా? ఎవలన్న పోయిండ్రా?"

మేడం బిగుసుకుపోయింది. మొదట యాడి ఇంటి గురించి ఏడ్చింది, నాయిన గురించి ఏడ్చింది. తర్వాత మేడాన్ని బాయీ, అంటే అక్కా, అని పిలుస్తూ మా అక్క సంగతికి వచ్చింది.

బాయీ, నా పెద్ద బిడ్డకు నొప్పులొచ్చిన పొద్దు వాన పడ్డది. బాయీ, అంబులెన్స్ బండి వచ్చింది, వాగు అవతల ఆగింది. నేను ఇవతల. వాగు నిండ పారుతున్నది. దాన్ని మంచం మీద పండబెట్టి నలుగురు మొగోళ్ళు వాగుల దిగిండ్రు, నడుమ దాక పోంగనే వెనుకకు తిరిగిండ్రు. బాయీ, పట్టపగలు, గా తెల్ల బండి నాకు కనవడుతనే ఉన్నది. నా బిడ్డ గా దిక్కే చూసుకుంట పోయింది. యాడీ, గా బండి పోయిందా, ఉన్నదా అని అడుగుతనే ఉన్నది. ఉన్నది బిడ్డా ఉన్నది అన్న. దాని చెయ్యి సల్లగయినంక గూడ ఉన్నది అన్న. బాయీ, ఈ ముచ్చట నా చిన్న బిడ్డకు చెప్పుకోలే. అది నన్ను ఏడవద్దన్నది. ఏడవకుంట గీ ముచ్చట ఎట్ల చెప్తరో నాకు తెల్వదు. నువ్వు దాన్ని తీసుకపోతున్నవ్, అందుకే నీకు చెప్తున్న.

మా భాషలో ఆమె ఏడ్చిన దాన్ని తెలుగులోకి తెచ్చుకుంటే ఇది. మా అక్క ఎట్లా చనిపోయిందో నేను మొదటిసారి విన్నది అప్పుడే, ఒక పరాయి ఆమె మెడ పట్టుకుని మా తల్లి ఏడుస్తుంటే.

ఏడుపు ఆగింది. మేడం నా వైపు చూసింది. నేనేం చేశాను? ఇంగ్లీషులో మూడు ముక్కలు చెప్పాను. మా అమ్మ మిమ్మల్ని చూసి సంతోషపడుతోంది. మా ఇంటికి వచ్చినందుకు దండాలు చెబుతోంది. ఇది మా ఆచారం. ఎందుకట్లా చెప్పానంటే సిగ్గు, భయం, మార్కులు పోతాయన్న బెంగ, అన్నీ. మేడం నోటుబుక్కులో రాసుకుని మూసేసింది.

యాడి ముఖం తుడుచుకున్నది. నీళ్ళు తాగింది. చెంబు కింద పెట్టి నన్ను చూసింది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కానీ లెక్క వచ్చు.

"నేను గంతసేపు ఏడిస్తె నువ్వు చెప్పింది గింతేనా?"

"ఆమెకు గంతే అవసరం యాడీ."

"అవసరం ఆమెదా, నీదా?" అన్నది. గొంతు పెంచలేదు. "ఏడ్చింది నేను. తగ్గించెటందుకు నువ్వెవలు?"

కోపం వచ్చింది. నా కోపం సంగతి చెప్పాను కదా. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఎవరి మీద కోపమో వెతుక్కుంటే నేను తప్ప ఎవరూ దొరకలేదు. ఊరూరా తిరిగి తల్లుల మాటలు ఒక్క అక్షరం పోకుండా రాసుకొచ్చానని గొప్పలు చెప్పుకునేదాన్ని, నా తల్లి మాటలను మూడు ముక్కలు చేసి పారేశాను.

మేడం ముందు కింద కూర్చున్నాను. నేను తప్పు చెప్పాను, మొదటి నుంచీ మళ్ళీ చెబుతాను, రాసుకోండి అన్నాను. చెప్పాను. వాగు దగ్గర నా ఇంగ్లీషు కుప్పకూలింది. అన్న నేర్పిన వాక్యాలేవీ పనికిరాలేదు. మాట దొరకనప్పుడు తెలుగు పెట్టాను, తెలుగు దొరకనప్పుడు మా భాష పెట్టి చేతులతో చూపించాను. మధ్యలో ఏడ్చాను. మేడం రాస్తూనే ఉంది. అంతా అయ్యాక ఒకే ప్రశ్న అడిగింది. ఇది నీ ఫైల్లో ఎందుకు లేదు?

"ఈ రోజు దాకా నాకు తెలియదు" అన్నాను.

ఇప్పుడు మీ అమ్మకు నేనేం చేయాలి అని అడిగింది. తిరిగి రాగంలో ఏడవాలన్నాను. ఆ రాగం నాకు రాదే అని, యాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. యాడికి అది చాలింది. మేక పాలతో చాయ పెట్టి ఇచ్చింది.

తిరుగు దారి పట్టాం. సీటు పోయిందని నేను తేల్చుకున్నాను. అన్నకు జరిగింది చెబితే ఆయన కూడా పోయిందనే అనుకున్నాడు, కానీ పైకి అనలేదు. మిర్చి బజ్జీలు తెచ్చి పెట్టాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక మేడం ఆఫీసుకు ఫోన్ చేసింది. నాతో చెప్పింది తెలుగులో ఇట్లా ఉంటుంది. అతని ఫైలు నీ ఫైలు కన్నా బాగుంది. కానీ తప్పు చెప్పి, అదే చోట కూర్చుని, ఆ మాటలు ఏడ్చి చెప్పిన తల్లి ఎదురుగానే మొదటి నుంచీ దిద్దుకున్నవాళ్ళను నేను ఎక్కువ మందిని చూడలేదు. ఎప్పుడు రాగలవు?

అన్న ఒక రోజంతా నాతో మాట్లాడలేదు. రెండో రోజు నా నర్మెట్ట ఫైళ్ళు తన బల్ల మీద పెట్టుకుని, "పో, పో. ఇజ్జత్ నిలవెట్టు" అన్నాడు.

ఆ నగరం పేరు రాయను. చలి మాత్రం ఇప్పటికీ ఎముకల్లో ఉంది. రకరకాల దేశాల నుంచి మాలాంటి పట్టభద్రులు వచ్చారు, పెద్ద పెద్ద చదువులు, మూడేసి భాషలు. బాధితుల మాటల రికార్డింగులు వింటూ, పక్కనే అనువాదం కాగితం పెట్టుకుని, పేర్లు, చోట్లు సరిచూడటం మా పని. రెండో వారంలో నాకొక రికార్డింగు వచ్చింది. ఎక్కడో ఒక తల్లి, నాకు తెలియని భాష. ఆమె ఏడుస్తూ, ఆగుతూ, మళ్ళీ ఎత్తుకుంటూ చాలాసేపు చెప్పింది. కాగితం మీద నాలుగు వాక్యాలున్నాయి.

ఆ నాలుగు వాక్యాలు చూస్తే నాకు ఒళ్ళు మండింది. కాగితం పట్టుకుని పెద్దల గదికి వెళ్ళి, నా యాసలో, నా ఇంగ్లీషులో అడిగాను. ఈమె ఇంతసేపు ఏడిస్తే చెప్పింది ఇంతేనా? మిగతాది ఏమైంది?

మళ్ళీ అనువాదం చేయిస్తే నాలుగు వాక్యాలు మూడు పేజీలయ్యాయి. అందులో ఆ తల్లి తన కొడుకును చివరిసారి చూసిన చోటు పేరు కూడా ఉంది. అప్పటిదాకా ఆ కాగితాల్లో ఎక్కడా లేని పేరు. ఆ తర్వాత ఏ అనువాదం పొట్టిగా కనిపించినా నా బల్ల మీదికి పంపేవాళ్ళు. నేను వచ్చేసే రోజు మేడం నన్ను అడిగింది, ఆ ప్రశ్న నీకు ఎవరు నేర్పారని. "మీరు చూశారు కదా, మా అమ్మ" అన్నాను. బడి గడప తొక్కని మా యాడి ప్రశ్న అంత పెద్ద ఆఫీసులో పనికొచ్చింది. నా డిగ్రీల కంటే నాకు అదే గొప్ప.

అక్క గురించి యాడి చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి, వాగు మీద వంతెన కావాలని మా ఆఫీసు నుంచి ఎన్నో అర్జీలు పెట్టాం. వంతెన వెంటనే ఏమీ రాలేదు. రాష్ట్రం వచ్చాక చాలా కాలానికి వచ్చింది. ఇప్పుడు అంబులెన్స్ బండి మా ఇంటి ముందే ఆగుతుంది.

నేను ఆరు నెలలు ముగించుకుని వచ్చిన రోజుకు మాత్రం ఇంకా రాష్ట్రమూ రాలేదు, వంతెనా రాలేదు. మధ్యాహ్నం ఎండలో మరిపెడ బస్టాండులో దిగాను. యాడి పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని ఉందట. నన్ను చూసి లేచింది. చేతులు ముందుకు రాబోయి ఆగాయి. ఒకదాన్నొకటి పట్టుకుని నడుము దగ్గర నిలిచిపోయాయి.

"వచ్చినవా? నీళ్ళు తాగు" అన్నది, సీసా చాపుతూ.

సంచి కింద పడేసి, యాడి మెడ పట్టుకున్నాను. బస్టాండు మధ్యలో, సిమెంటు నేల మీద కూర్చోబెట్టి, రాగం ఎత్తుకున్నాను. నాకు సరిగా రాదు. చిన్నప్పటి నుంచీ విన్నదే గానీ ఎన్నడూ ఏడ్చింది కాదు. యాడీ, చలి దేశం పోయిన, నీ మాట పట్టుకపోయిన, అక్క సంగతి అడగకుంట ఇన్నేండ్లు తప్పు చేసిన అని మొదలుపెట్టాను. యాడి నా మెడ చుట్టూ చేతులు వేసి జవాబు ఎత్తుకుంది. నేను తప్పిన చోట రాగం సరిచేస్తూ ఏడ్చింది.

బస్సు దిగిన వాళ్ళు, ఎక్కబోయే వాళ్ళు, పండ్లమ్మే ఆమె, అందరూ చుట్టూ మూగారు. ఒకాయన వంగి కంగారుగా అడిగాడు.

"అయ్యో, ఎవలు పోయిండ్రు బిడ్డా?"

నేను ముఖం తుడుచుకోలేదు.

"ఎవలు పోలే తాతా. మేము కలుసుకున్నం" అన్నాను.